మేడమ్ చెవిలో నా గొంతు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. మా నాన్న పాస్టరు. తెనాలి దగ్గర మా చర్చికి గాలి సోకిందంటూ జనం వస్తూ ఉండేవాళ్ళు. ఆయన ప్రార్థన చేసి, గ్లూకోజు నీళ్ళు తాగించి పంపేవాడు. నీళ్ళతోనే సగం మంది కుదుటపడేవాళ్ళు. అది చూస్తూ పెరిగినదాన్ని నేను. కాబట్టి ఇది చదివి నేనేదో భ్రమపడ్డానని మీరనుకున్నా నాకేం బాధ లేదు. మీరు చెప్పి నేను వింటే నేనూ అలాగే అనుకునేదాన్ని.

మేముండేది మిషిగన్‌లో, ట్రాయ్‌లో. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నాకు వర్క్ పర్మిట్ వచ్చాక, ఇంటికి కొంచెం దూరంలో ఉన్న ఒక నాటకాల థియేటర్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. టికెట్ల కౌంటర్, ఫోన్లు, అంతే. నాటకాల గురించి నాకు తెలిసింది సున్నా.

ఆ చలికాలం ఒక బ్రిటిష్ నటి మా థియేటర్‌కి వచ్చింది. పేరు చెప్పను. అందరూ మేడమ్ అనేవాళ్ళు, నేనూ అదే అంటాను. ఎనభైకి దగ్గరపడిన మనిషి. లండన్‌లో పనిమనిషి వేషాలతో మొదలుపెట్టి మహారాణుల దాకా వెళ్ళిందట. తర్వాత సినిమాలు. అక్కడ హీరోయిన్ కాలేకపోయింది. హీరోయిన్‌ని ఏడిపించే అక్క, వదిన, హాస్టల్ వార్డెన్, ఇవే వచ్చాయి. ఆ మీదట అమెరికా వచ్చి, ఒక టీవీ సీరియల్‌లో కోడళ్ళను కాల్చుకుతినే అత్తగా ఏళ్ళ తరబడి వేసింది. ఇక్కడి జనానికి తెలిసింది ఆ మొహమే. షాపుల్లో తనను చూసి పిల్లలు అమ్మల వెనక దాక్కునేవాళ్ళని ఆవిడే గొప్పగా చెప్పుకునేది. నన్నడిగితే ఆ వేషానికి ఆవిడ నటించాల్సిన పనే లేదు.

అలాంటి మనిషికి డైలాగులు గుర్తుండటం మానేశాయి. ఆ సంగతి బయటికి పొక్కకూడదు. మా దగ్గర ఆడుతున్నదే ఆవిడ చివరి నాటకం, ఆదివారం ఆఖరి ఆట. ఆ రోజు దాకా తడబడకుండా నిలబడి, చప్పట్ల మధ్య సెలవు తీసుకోవాలని ఆవిడ పంతం. ముసలితనంలో మాట మరిచిపోయిన నటిగా మిగిలిపోవడం కంటే చావడం నయమని డైరెక్టర్‌తో అంటుంటే నేనే విన్నాను.

అందుకని చెవిలో చిక్కుడుగింజంత యంత్రం పెట్టుకునేది. హాలు వెనక, స్టేజీ కనబడే అద్దాల గదిలో ఒకరు కూర్చుని, మైకులో ఒక్కో వాక్యం ముందుగా చెప్పాలి. ఆవిడ విని, తన మాటగా పలకాలి. డైలాగులే కాదు, "కిటికీ దగ్గరికి", "కూర్చోండి" అని కదలికలు కూడా చెప్పాలి. చెవిలో పడినదాన్ని ఆలోచించకుండా చేసెయ్యడమే ఆ పద్ధతి. ఆలోచిస్తే ఆగుతుంది, ఆగితే హాల్లో అందరికీ తెలిసిపోతుంది.

ఆ పనికి చాలామంది నటులను పెట్టి చూశారు. వాళ్ళ నటన తన చెవిలో అడ్డొస్తోందని అందరినీ పొమ్మంది. చివరికి ఒకరోజు కౌంటర్‌లో నేను ఫోన్ మాట్లాడుతుంటే విని, "ఆ అమ్మాయిని తీసుకురండి, ఆ గొంతులో ఏమీ లేదు" అంది. చిన్నప్పటి నుంచీ చర్చిలో బైబిల్ వాక్యం చదివిన గొంతు నాది. నిదానంగా, విరుపులు లేకుండా చదవడం నాన్న చేసిన అలవాటు. ఆవిడ మెచ్చుకుందో తిట్టిందో మొదట్లో నాకు తెలియలేదు. రెండు రోజుల్లో తెలిసింది.

నా పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "కౌంటర్" అని పిలిచేది. నా ఉచ్చారణను అందరి ముందూ వెక్కిరించేది. నేను చేపల పులుసు డబ్బా తెరిస్తే, బయట మంచు పడుతున్నా సరే కారిడార్ తలుపులన్నీ తీయించింది. నాకూ ఆవిడ పేరు చెబితేనే ఒళ్ళు మండేది. దాచుకోవడం దేనికి?

ఆ ఆదివారానికి ముందు గురువారం మధ్యాహ్నం ఆట. మా అత్తయ్య అప్పుడు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఇంట్లో ఒక్కతే ఉండి విసుగెత్తిపోతోందని ఆ రోజు నాటకానికి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఇంగ్లీషు రాదు. "బొమ్మలాట చూసినట్టు చూస్తాలే అమ్మాయ్" అంది.

ఆట మొదలయ్యే ముందు మైక్ టెస్ట్ చేస్తుంటే, మేడమ్ స్టేజీ మీదున్న వాళ్ళందరికీ వినబడేలా, "మహారాణులను పలికిన నోరు ఇది. ఇప్పుడు ఈ పిల్ల నోట్లోంచి రాలింది ఏరుకుని తింటున్నాను" అంది. కొందరు నవ్వారు. నా పక్కన కూర్చునే సౌండ్ ఇంజనీర్ గ్రెగ్ మాత్రం నవ్వలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నా మైక్‌కి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితేనే నా మాట ఆవిడ చెవికి వెళ్తుంది. నొక్కినంతసేపూ ఎర్ర లైటు వెలుగుతుంది. వెళ్ళిన ప్రతి మాటా రికార్డ్ అవుతుంది.

రెండో అంకం. ఇల్లు ఖాళీ చెయ్యనని మొండికేసిన ఒక ముసలావిడ వేషం మేడమ్‌ది. కొడుకుతో పోట్లాడి, కిటికీ దగ్గర నిలబడి పెద్ద డైలాగ్ చెప్పాలి. నేను ఒక్కో ముక్కా అందిస్తున్నాను, ఆవిడ పలుకుతోంది. గొప్పగా పలికింది, ఆ మాట ఒప్పుకుంటాను. నా గొంతులోంచి చప్పగా వెళ్ళిన మాట ఆవిడ నోట్లోంచి వచ్చేసరికి హాల్లో కళ్ళు తుడుచుకుంటున్నారు. అది చూస్తే నాకింకా మండింది. ఆ డైలాగ్ మధ్యలో ఆవిడ కాసేపు మౌనంగా ఉండాలి. నేను బటన్ మీంచి చెయ్యి తీసి, సీసా అందుకుని నీళ్ళు తాగుతున్నాను. మనసులో మాత్రం అనుకున్నాను, తెలుగులోనే. ఇంకెంతసేపు నిలబడతావే ముసలిదానా. నీ పని అయిపోయింది. దిగిపో.

నా నోటి నిండా నీళ్ళున్నాయి. మాట్లాడదామన్నా కుదరదు.

స్టేజీ మీద మేడమ్ తల కొంచెం పక్కకు వంచింది. చెవిలో మాట పడినప్పుడల్లా అలాగే వంచుతుంది. తర్వాత హాలు వైపు తిరిగి, ఆ మహారాణి గొంతుతో, "ఇంకెంతసేపు నిలబడతావే ముసలిదానా. నీ పని అయిపోయింది. దిగిపో" అంది. తెలుగులో, ఒక్క ముక్క పోకుండా, మా తెనాలి యాసలో.

అని, చెవిలో చెప్పినట్టే చేసింది. స్టేజీ ముందున్న మెట్లు దిగి, ముందు వరస పక్క నుంచి నడిచి, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. నేను బటన్ నొక్కి "వెనక్కి రండి మేడమ్, కిటికీ దగ్గరికి" అంటూనే ఉన్నాను. ఆగలేదు. నాటకంలో భాగమేమోనని కొందరు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత తెర దించేశారు.

మేనేజర్ ముందు నన్నే అనుమానించాడు. ఎవరైనా అదే చేస్తారు. గ్రెగ్ రికార్డింగ్ వినిపించాడు. నేను అందించిన డైలాగు ముక్కలు ఉన్నాయి, తర్వాత ఏమీ లేదు, ఆ తర్వాత "వెనక్కి రండి మేడమ్". లైటు వెలగలేదని కూడా చెప్పాడు. డాక్టర్ వచ్చి చూసి పక్షవాతం లాంటిదేమీ కాదన్నాడు. ఆవిడ అన్నది ఒక భాష అని కూడా అక్కడెవరికీ తెలియదు. నేను కూడా నా చెవులే మోసం చేశాయని సరిపెట్టుకునేదాన్నే, అత్తయ్య లేకపోతే.

లాబీలో నన్ను చూడగానే, "అదేంటమ్మాయ్, ఆ దొరసానమ్మ చివర్న మన మాటల్లో తిట్టిందే. నువ్వే నేర్పావా?" అంది.

ఏమని తిట్టిందని అడిగాను. చెప్పింది. అవే మాటలు. మళ్ళీ తనే, "ఎవర్నంటావ్? నావైపే చూసి అన్నట్టుంది" అంది.

మిమ్మల్ని కాదత్తయ్యా అన్నాను. అత్తయ్య కోటు మెడ దాకా బిగించుకుని బెంచీ మీద కూర్చుంది.

మేడమ్ వెనక గేటు దగ్గర కారు ఎక్కబోతుంటే నేను పరుగెత్తుకెళ్ళాను. నేనేమీ అనలేదు మేడమ్ అన్నాను.

"అన్నావు. ఇంగ్లీషులో, శుభ్రంగా వినబడింది. నువ్వన్నదే నేనూ అన్నాను." చెవిలోని యంత్రం తీసి నా చేతిలో పెట్టింది. "ఆదివారం దాకా ఆగలేకపోయావా?"

అది రోజూ తిట్టే గొంతు కాదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మిగతా ఆటలు రద్దు చేశారు. మాట మరిచిపోయి నాటకం మధ్యలో దిగిపోయిందనే పత్రికల్లో వచ్చింది. ఆవిడ మళ్ళీ ఏ స్టేజీ ఎక్కలేదు, ఏ కెమెరా ముందుకూ రాలేదు. ఆవిడంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఆ వార్త చదివి ఏడ్చిన మాట కూడా నిజమే.

వేరే సిగ్నల్ ఏదో కలిసి ఉంటుందని గ్రెగ్ అంటాడు. ఆ సిగ్నల్‌కి నా మనసులో మాట ఎలా తెలిసిందంటే వైర్లు చుట్టడం మొదలుపెడతాడు. నాన్నకు ఫోన్‌లో చెబితే, "ప్రార్థన చేద్దాంలే తల్లీ" అన్నాడు. నాకైతే ఏమీ తెలియడం లేదు. చచ్చినవాళ్ళెవరూ లేని చోట దయ్యమని ఎవరిననాలి?

అత్తయ్య ఈ వేసవికి మళ్ళీ వచ్చింది. వంటింట్లో ఇద్దరం ఒకరికొకరం అడ్డు తగులుతూనే ఉంటాం. కోపం వస్తే ఇప్పుడు నేను ఆవిడ ఎదురుగా నిలబడి ఏమీ అనుకోను. పాలు అయిపోయాయని చెప్పి, కారు తీసుకుని, రెండు వీధులు దాటాక అనుకుంటాను. ఆ దూరం సరిపోతుందో లేదో నాకు తెలియదు.