చివరి వరుసలో సంచి

మా సంగీత కాలేజీలో ఏడాది చివరి రెండు నెలలూ కచేరీల కాలం. పట్టా చేతికి రావాలంటే ప్రతి విద్యార్థీ పరీక్షకుల ముందు తన కచేరీ తాను పెట్టుకోవాల్సిందే. రోజుకు మూడు, ఒక్కోసారి నాలుగు. పిల్లలు పియానోలను బాదుతారు, నేను మళ్లీ శ్రుతి చేస్తాను. ఇరవై రెండేళ్లుగా నాకిదే గొడవ.

పేజీలమ్మాయి నాకు అక్కడే పరిచయం. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎవరి నోటా వినలేదు. స్వరరచనలో పీజీ చేస్తుండేది. తను రాసింది బయటికి రావాలంటే ఇంకొకరు వాయించాలి. అందుకేనేమో, ఎవరేం అడిగినా కాదనేది కాదు. పియానో వాయించేవాళ్ల పక్కన చిన్న కుర్చీలో కూర్చుని, సమయానికి లేచి పేజీ తిప్పి, మళ్లీ కూర్చునేది. ఆ పనికీ పద్ధతులున్నాయి. నల్లబట్టలు వేసుకోవాలి, చెప్పులు చప్పుడు చేయకూడదు, చప్పట్లు మోగేటప్పుడు తల దించుకుని కూర్చోవాలి. ఆ ఏడాది నలభై ఒక్క కచేరీలకు తిప్పింది. లెక్క నాది, ఆమె పెట్టుకోలేదు.

మధ్యాహ్నాలు నేను శ్రుతి చేసుకుంటుంటే చిన్న హాలు చివరి వరుసలో కూర్చుని అన్నం డబ్బా తెరిచేది. "మీకు అడ్డం కాదుగా బాబాయ్?" అని రోజూ అడిగేది. గదికి వెళ్తే పలకరించే దిక్కు లేదు, ఇక్కడైతే నా సణుగుడైనా ఉంటుంది. అప్పుడప్పుడు వాళ్లక్క ఫోను చేసేది. "పద్దెనిమిది నిమిషాల ముక్కకి రెండేళ్లా? ఈలోగా నేను ఇద్దర్ని కన్నాను" అని అక్క వేళాకోళం చేస్తే నవ్వేది. ఫోను పెట్టేశాక ఆ నవ్వు ఎక్కువసేపు ఉండేది కాదు.

ఆ ముక్క తన పట్టా కచేరీ కోసం పియానోకీ, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి చెల్లోకీ రాసింది.

"అంతా బుర్రలోనే విన్నాను బాబాయ్. ఆ రోజు ఇదే సీట్లో కూర్చుని ఒక్కసారి చెవులతో వినాలి. మధ్యలో చెల్లో ఒక్కటే ఉంటుంది, చాలా మెల్లగా. అది ఇక్కడిదాకా వస్తుందో రాదో."

"రికార్డింగు చేస్తారుగా."

"మైకులు వేదిక మీదే ఉంటాయి. వాటికి అన్నీ వినబడతాయి."

ఆమె కచేరీ మూడు గంటలకి. సరిగ్గా అదే వేళకి పెద్ద హాల్లో మా కాలేజీ అంతా నెత్తిన పెట్టుకునే వయొలిన్ విద్యార్థి కచేరీ పడింది. "తప్పకుండా వస్తాం" అన్నవాళ్లందరూ అక్కడే తేలారు. అక్క చిన్నకొడుక్కి జ్వరం. చిన్న హాల్లో మిగిలింది ముగ్గురు పరీక్షకులూ, నేనూ.

పది నిమిషాలుందనగా పియానో వాయించే అమ్మాయి అడిగింది, "ఇంతకీ పేజీలు ఎవరు తిప్పుతున్నారు?"

పేజీలమ్మాయి కొయ్యబారిపోయింది. ఊరందరికీ తిప్పిన మనిషికి, తనకూ ఒకరు కావాలన్న ఆలోచనే తట్టలేదు. ఇద్దరు ముగ్గురికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. చివరికి నా వంక చూసింది.

"నాకు నొటేషన్ రాదమ్మా" అన్నాను. అది నిజమే. కానీ వాయించే అమ్మాయి తల ఊపినప్పుడు తిప్పడానికి నొటేషన్ అక్కర్లేదు, ఆ సంగతీ నాకు తెలుసు. జనం ముందు వేదిక ఎక్కాలంటే నాకు భయం. తప్పించుకున్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. అప్పటికే తన సీట్లో సంచి పెట్టుకుంది. "అయితే దాని పక్కన కూర్చోండి బాబాయ్. ఎలా వినిపించిందో తర్వాత చెప్పండి" అని పేజీలు తిప్పడానికి తనే వేదిక ఎక్కింది.

పద్దెనిమిది నిమిషాలూ అయ్యాయి. చెల్లో కుర్రాడు లేచి వంగి, ముందుగా అనుకున్నట్టే, రాసినావిడ అదిగో అని చివరి వరుసకేసి చెయ్యి చాపాడు. పరీక్షకులు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. అక్కడున్నది సంచీ, నేనూ. ఆమె వేదిక మీద చిన్న కుర్చీలో తల దించుకుని కూర్చుని ఉంది. కుర్రాడు నాలుక్కరుచుకుని ఆమె వైపు తిరిగేసరికి చప్పట్లు ఆగిపోయాయి.

అందరూ వెళ్లాక సంచి కోసం వచ్చింది.

"లేవలేదేమ్మా?"

"అలవాటైపోయింది బాబాయ్. పోనివ్వండి, మీరు చెప్పండి. చెల్లో ఒక్కటే ఉన్నచోటు ఇక్కడిదాకా వచ్చిందా?"

రెండో పేజీలోనే పియానో తీగ ఒకటి శ్రుతి జారింది. ఇక అక్కణ్నుంచి నేను విన్నది ఆ తీగనే. చెల్లో ఒక్కటే మొదలైనప్పుడు, హమ్మయ్య, కాసేపు నా తీగ జోలికి రారు అనుకుని వెనక్కి వాలాను. ఆ స్వరం నాదాకా వచ్చిందో రాలేదో దేవుడికే తెలియాలి. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

"వచ్చిందమ్మా."

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత సంచి భుజానికి తగిలించుకుంది.

"థాంక్స్ బాబాయ్. పైస్థాయిలో తీగ ఒకటి జారింది, విన్నారా? కాస్త చూడండి. ఐదింటికి ఇంకో కచేరీ ఉంది."

ఆ ఐదింటి కచేరీకి పేజీలు తిప్పేది కూడా ఆమే.