టీచరమ్మ వైపు బ్రేకు

వీధిలో అందరూ ఆమెను టీచరమ్మ అనేవారు. నేర్పేది మాత్రం కారు నడపడం. పంతొమ్మిదేళ్ళుగా డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, "క్లచ్ మెల్లగా వదలండి" అని చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. కారు సొంతదే. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే తానే ఆపేందుకు తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెడల్ పెట్టించుకుంది. పాతది అరిగిపోయిందని కిందటేడు విడిభాగాల దుకాణంలో కొత్తది వేయించింది.

ఒక ఉదయం కూడలిలో అడ్డంగా లారీ వచ్చేసరికి, నేర్చుకుంటున్న నర్సు బిగుసుకుపోయింది. టీచరమ్మ బ్రేకు తొక్కింది. పెడల్ కిందికి దిగింది గానీ కారు ఆగలేదు. ఆమె హ్యాండ్‌బ్రేకు లాగేసింది. లారీకి జానెడు దూరంలో ఆగారు.

"మీ తప్పేం లేదమ్మా. నేనే సరిగ్గా తొక్కలేదు," అంది నర్సుతో.

పెడల్ పట్టలేదని కారు తీసుకెళ్ళి చూపిస్తే, దుకాణంవాడు వంగి చూసి, ఏదో బోల్టు బిగించాడు. "పెడల్ బ్రహ్మాండంగా ఉందక్కా. ఇన్నేళ్ళ సర్వీసు కదా, మీ కాలే అలిసిపోయిందేమో!"

ఆమె కూడా నవ్వింది గానీ, ఆ మాట ముల్లులా దిగింది. మోకాళ్ళు డాక్టరుకు చూపించుకుంది. వయసుకు తగ్గట్టే ఉన్నాయన్నాడు. ఇంట్లో కుర్చీలో కూర్చుని గోడను కాలితో తన్నిపట్టి, "గట్టిగానే ఉందా?" అని భర్తను అడిగేది. ఆయన దర్జీ. కుట్టుమిషను ఆపకుండానే, "గోడ పక్కింట్లో పడేలా ఉంది, ఇక చాల్లే" అనేవాడు.

అయినా ఆమెకు ధైర్యం చాలలేదు. కొత్తవాళ్ళను చేర్చుకోవడం మానేసింది. ఉన్నవాళ్ళకు నేర్పడం పూర్తయితే కారు అమ్మేద్దామనుకుంది.

మూడు నెలల తర్వాత పెడల్ తయారుచేసిన కంపెనీ నుంచి, వారంటీ కార్డులో ఆమె రాసిచ్చిన ఫోను నంబరుకు సందేశం వచ్చింది. పెడల్‌ను పట్టి ఉంచే క్లాంపు జారిపోతోందట. వెంటనే వాడకం ఆపాలట, ఉచితంగా మార్చి ఇస్తారట. ఆమె రెండుసార్లు చదివి ఫోను భర్త చేతికిచ్చింది.

"చూశావా, నీ కాలు కాదు!" అన్నాడాయన.

సంతోషం రాలేదు. కాసేపటికి దుకాణానికి ఫోను చేసింది.

"ఆ రోజే చెప్పాను కదయ్యా."

"మాకేం తెలుసక్కా? డబ్బాలో వచ్చింది, బిగించాం. కొత్త క్లాంపుకి నెల పడుతుంది."

"ఇంకెన్ని కార్లకు బిగించావు?"

"పదకొండు."

"వాళ్ళకు చెప్పావా?"

"చెప్పాలి... దుకాణంలో ఒక్కణ్ణే కదా."

నంబర్లు తీసుకుని ఆమే మొదలుపెట్టింది. అందరూ తనలాగే డ్రైవింగ్ నేర్పేవాళ్ళు. ఏదో అమ్మడానికి చేసిందనుకుని ఇద్దరు ఫోను పెట్టేశారు. వాళ్ళకు మళ్ళీ చేసింది. ఆరో నంబరు ఒక పెద్దాయనది.

"నేను మానేశానమ్మా," అన్నాడు. "ఒకసారి బ్రేకు పడలేదు. కాలు మాట వినడం లేదనుకున్నాను. మా అబ్బాయి కారు అమ్మేశాడు."

"మీ కాలు బాగానే ఉందండీ. లోపం పెడల్‌ది. నాకూ అంతే అయింది" అంది.

"ఈ మాట మా అబ్బాయితో కూడా చెప్తావా, తల్లీ?"

చెప్పింది. ఆ అబ్బాయి ముక్తసరిగా థాంక్స్ చెప్పాడు. ఆ తర్వాత మిగతా ఐదుగురికీ చేసింది.

క్లాంపు ఐదు వారాలకు వచ్చింది. ఈలోగా పాఠాలు ఆగిపోవడంతో నర్సు వేరే డ్రైవింగ్ స్కూల్లో చేరిపోయింది. టీచరమ్మ భర్త చేత ఖాళీ మైదానంలో కారు నడిపించి, తన వైపు బ్రేకు పదేపదే తొక్కి చూసుకుంది.

"ఇంకొక్కసారి తొక్కావంటే నా మెడ ఊడి ఒళ్ళో పడుతుంది," అన్నాడాయన.

మర్నాటి నుంచి మళ్ళీ నేర్పుతోంది. ఇదివరకు రోజుకు ఐదుగురు, ఇప్పుడు ఇద్దరే. ఎక్కగానే ముందు తన పెడల్ తొక్కి చూసుకుని, అప్పుడే తాళంచెవి చేతికిస్తుంది. పాఠమంతా కాలు పెడల్ మీదే బిగపట్టి ఉంచడంతో, రెండో పాఠం అయ్యేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. ఇల్లు చేరాక చెప్పులు విప్పడానికి కూడా కాసేపు కూర్చుంటుంది.