మంచుబండికి ట్రాక్టరు లెక్క

తిరుత్తణి రహదారి పక్కన మూతపడిన బియ్యపు మిల్లు గిడ్డంగిలో మంచు పరచి, టిక్కెట్టు పెట్టి చూపవచ్చునని ఒక మహానుభావునికి తోచింది. బయట నలభై రెండు డిగ్రీలు; లోపల సున్నాకు ఐదు తక్కువ. పిల్లలను ఎక్కించుకొని తిరగడానికి, ముందు చక్రాలకు బదులు మంచుపై జారే రెండు స్కీ పలకలున్న విదేశీ మంచుబండి ఒకటి వచ్చింది. దానిని బిగించగల నిపుణుడు మాత్రం రాలేదు. మేనేజరు గుణశేఖర్, పక్క ఊరు కే.జీ.కండిగైలో ట్రాక్టరు షెడ్డు నడిపే దామోదరాన్ని పిలిపించాడు.

దామోదరం ముప్పై ఏళ్లు ట్రాక్టర్ల కిందనే గడిపిన మనిషి. ముందు చక్రాల ముందు అంచులను వెనుక అంచులకన్నా పావు అంగుళం దగ్గరగా పెట్టడం ఆయన చేతికి అలవాటు. స్కీలనూ అలాగే పెట్టాడు. వాటి అడుగున మంచును పట్టే కార్బైడ్ కడ్డీలలో పొడవైనవే మేలని గుణశేఖర్ పట్టుబడితే అవే బిగించాడు. ఫైలులో మాత్రం "చెన్నై నిపుణునిచే సర్వీసు" అని ఎక్కింది.

బండి నడిపేది ఆరోగ్యమేరి. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి వచ్చిన చేయి ఆమెది. మూడో వారంలో హ్యాండిల్ తిరగక బండి పోయి థర్మాకోల్ ఎలుగుబంటిని గుద్దింది. పిల్లలకేమీ కాలేదు, ఎలుగుబంటికి తల ఊడింది. మరునాడే మెమో వచ్చింది: "స్త్రీ యగుటచే భుజబలము చాలనందున మూడు దినములలో సంజాయిషీ ఇవ్వనిచో తొలగింపబడుదురు." సంజాయిషీ రాయించుకోవడానికి ఆమె దానిని అర్జీలు రాసే నా వద్దకు తెచ్చింది, ప్రతి తీసి ఉంచాను. ఎవరు బిగించారో వారినే ముందు అడగమన్నాను.

ఆమె నేరుగా షెడ్డుకు వెళ్లింది.

"అన్నా, నా చేతిలో బలం లేదంట. ఆ హ్యాండిల్ తిప్పేదానికి ఎద్దు కావల్ల."

"నేను బిగించిన బండి అట్లుంటాదా మేరీ? సుమ్మా ఊరికే చెప్తాండావు."

"నువ్వే వొచ్చి తిప్పు. తిరిగితే నేనే పని మానేస్తా."

మరునాడు దామోదరం చెవులకు తువ్వాలు చుట్టుకొని వచ్చి తిప్పాడు. తిరగలేదు. మంచులో బోర్లా పడుకొని స్కీల పక్కన నూలుదారం లాగి చూశాడు. లేచి గుణశేఖర్ వైపు తిరిగాడు.

"చక్రం దొర్లుతాది, ఇది జారుతాది. దొర్లేదాని లెక్క జారేదానికి పెట్టినాను. రెండు ముక్కులూ లోపలికి తిరిగి మంచును దున్నుతాండాయి. తప్పు నాది, సార్."

గుణశేఖర్ అదిరిపడ్డాడు. "మెల్లగా అనయ్యా! ఫైల్లో నువ్వు లేవు. చెన్నై నిపుణుడున్నాడు."

"అయితే ఆయన్నే పిలిచి తిప్పమను."

దామోదరం స్కీల ముక్కులను వెనుక అంచులకన్నా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎడంగా సరిచేసి, మంచును మరీ గట్టిగా పట్టే పొడవు కడ్డీలు విప్పి పొట్టివి బిగించాడు. ఆరోగ్యమేరి ఒంటిచేత్తో తలలేని ఎలుగుబంటి చుట్టూ రెండు చుట్లు తిరిగింది.

"సరి మా, ఉద్యోగం ఉండాదిగా. ఇంక పేపరెందుకు?" అన్నాడు గుణశేఖర్.

"పేపరుతో తీసేస్తామన్నారు సార్, పేపరుతోనే పెట్టుకోండి," అని ఆమె బండి దిగింది. గేటు దగ్గర ఒక పాఠశాల పిల్లలంతా టిక్కెట్లు పట్టుకొని వరుసలో ఉన్నారు.

పావుగంటలో పేపరు వచ్చింది: "నిరంతర శిక్షణచే సదరు ఉద్యోగిని భుజబలము గణనీయముగా పెరిగినందున మెమో ఉపసంహరించడమైనది."

తప్పు తనదేనని దామోదరం సంతకం చేసి ఇచ్చిన కాగితాన్ని ఆఫీసు పుచ్చుకోలేదు. అది నా దగ్గరే ఉంది. ఆ వ్యవహారంలో తప్పు ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి, వారి రికార్డు ప్రకారం, అక్కడికి రానేలేదు.