అందరికన్నా ఆఖరున ఇంటికి వెళ్ళే మనిషి

గత నెల ఒక మంగళవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో మా ఆవిడ కన్నుమూసింది. అప్పటికి రెండు దాటింది. బెంగళూరు వర్తూరులో ఆమె పనిచేసే బడి మూడున్నరకి వదులుతారు. మొదటి నుంచీ ఆమెతో ఉన్న ఆయమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "సార్, ఇంక పిల్లోళ్ళు వచ్చేస్తారు. అందర్నీ ఇండ్లకు పంపించి వస్తాను" అంది.

ఆ మాటకి నేను నొచ్చుకోలేదు. ఆ రోజు మొత్తంలో నన్ను నిలబెట్టిన మాట అదొక్కటే. మా ఆవిడ ఉన్నా అదే చెప్పేది.

ఆమె చేసిన పని పెద్దదేమీ కాదు. బడి వదిలాక, తల్లిదండ్రులు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా, పిల్లల్ని చూసుకోవడం. బడివాళ్ళు ఆ పనిని ఏటేటా కాంట్రాక్టుకి ఇస్తారు. మా ఆవిడ, ఆయమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి దాన్ని తీసుకున్నారు. ఏడేళ్ళు నిలబెట్టుకున్నారు. ప్రతి మార్చిలోనూ అది ఉంటుందా ఊడుతుందా అనే భయం ఇంట్లో మాతోపాటు కూర్చుని అన్నం తినేది.

ఆమెది దొడ్డబళ్ళాపురం. మగ్గాల ఇంట్లో పుట్టింది. నలుగురు పిల్లలు కాళ్ళకి అడ్డం పడుతుంటే పని ఆగకుండా చూసుకోవడం అక్కడే నేర్చుకుంది. మూడున్నరకి పిల్లలు ఆమె గదికి వస్తే ముందు బూట్లు, మేజోళ్ళు విప్పించేది. చల్లటి గచ్చు మీద ఒట్టి కాళ్ళతో రెండు చుట్లు తిరగనిచ్చేది. "కాళ్ళకు బడి వదిలితే గాని తలకాయకు వదలదు" అనేది. ఆ తర్వాతే తిండి. తిండి తర్వాతే పుస్తకం. ఆమె గట్టిగా అరవగా నేను వినలేదు. కోప్పడేటప్పుడు దగ్గరికి పోయి చెవిలో చెప్పేది. మెచ్చుకునేటప్పుడు మాత్రం గది అంతా వినపడాలి.

అనపకాయల కాలం వస్తే ఆ చిక్కుడుజాతి గింజలు నానబెట్టి గిన్నెడు తీసుకుపోయేది. పిల్లలందరూ చుట్టూ కూర్చుని, గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కి పొట్టులోంచి పప్పు ఎగిరేటట్టు పితికేవాళ్ళు. ఎవరి పప్పు దూరం పోతే వాళ్ళు గెలిచినట్టు. సగం పప్పు కిటికీ కింద దొరికేది. ఒక తండ్రి దాన్ని చూసి, పిల్లలతో వంటపని చేయిస్తున్నారని ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు రాశాడు. మా ఆవిడ ఆయన్ని పిలిచి, పక్కన కూర్చోబెట్టి, చేతిలో నాలుగు గింజలు పెట్టింది. మూడో గింజకి ఆయన కూడా పందెంలో దిగాడట.

ఇక నేను చెప్పదలచుకున్న సంగతి.

ఆరు గంటల నుంచి తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. ఆరున్నరకి గది ఖాళీ అవుతుంది. ఒక్కరో ఇద్దరో మిగులుతారు. మొదటి ఏడాది మిగిలిన పిల్ల పేరు లిఖిత. ఒకటో తరగతి. తల్లి ఒక ఆసుపత్రిలో నర్సు. కడప వైపు మనిషి, బెంగళూరులో నా అనేవాళ్ళు లేరు. డ్యూటీ ముగించుకుని ట్రాఫిక్ దాటుకుని ఆమె వచ్చేసరికి ఏడయ్యేది. మిగతా పిల్లలందరూ వెళ్ళిపోయాక లిఖిత గేటు కడ్డీలు పట్టుకుని నిలబడేది. ఏడ్చేది కాదు. అదే మా ఆవిడని బాధపెట్టింది.

ఒకరోజు ఆమె తన సంచీ సర్దుకుని లిఖిత పక్కన మెట్టు మీద కూర్చుంది. "నన్ను కూడా పిలుచుకొని పోయేదానికి మా ఆయన రాలేదు. ఎప్పుడూ ఇంతే ఆ మనిషి" అంది. లిఖిత గేటు వదిలేసి వచ్చి కూర్చుందట. "మా అమ్మ వస్తాది. నీకు తోడుంటాలే" అందట.

ఆ సాయంత్రం నుంచి నాకో కొత్త ఉద్యోగం వచ్చింది. రోజూ ఆరింటికి స్కూటర్ మీద పోవాలి. కానీ కనపడకూడదు. గేటుకి కొంచెం అవతల ఎళనీరు బండి, అంటే కొబ్బరిబోండాల బండి, ఉంటుంది. దాని వెనక నిలబడాలి. ఆఖరి బిడ్డ తల్లి వచ్చి, ఆ బిడ్డ బండెక్కి మలుపు తిరిగాక, అప్పుడే నేను గేటు ముందుకి రావాలి. నేను కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. నా ఉద్యోగంలో ఏ రోజూ ఆలస్యంగా పోలేదు.

"ఈ వయసులో నాకు చెడ్డపేరు తెస్తున్నావు" అన్నాను.

"పిల్లోళ్ళ దగ్గరే కదండీ. పెద్దోళ్ళ దగ్గర మీ పేరు బాగనే ఉండాది" అంది.

పెద్దవాళ్ళ దగ్గర కూడా పోయింది. మూడో ఏడాది ఫిబ్రవరిలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఎళనీరు బండి, దాని వెనక హెల్మెట్ పెట్టుకుని నేను. కింద ఇంగ్లీషులో రాసి ఉంది: ఈ మనిషి ఎవరు, రోజూ గేటు వైపే ఎందుకు చూస్తుంటాడు, బడికి భద్రత ఉందా లేదా అని. దాని కింద యాభై మంది భయపడిపోయారు.

మా ఆవిడ ఫోన్ నా ముందు పెట్టి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "హెల్మెట్‌లో దొంగ మాదిరే ఉండారు" అంది. నవ్వు ఆగాక క్యాలెండర్ వైపు చూసింది. కాంట్రాక్టు నెల రోజుల్లో తిరిగి రాయాలి. అప్పటికే ఒక కంపెనీ ఆ పని తమకిమ్మని బడికి అర్జీ పెట్టుకుంది. రోబోట్లు నేర్పుతారట, గదినిండా కెమెరాలట, బిడ్డ గేటు దాటితే తల్లి ఫోన్‌లో గంట మోగుతుందట. వాళ్ళ పక్కన మా ఆవిడకి ఉన్నవల్లా గచ్చు, గిన్నె, అనపగింజలు. వాటికి తోడు నా ఫోటో.

శనివారం మధ్యాహ్నం బడి లైబ్రరీలో కమిటీ కూర్చుంటుందని, నన్ను కూడా రమ్మని కబురు వచ్చింది.

"ఉన్న సంగతి చెప్పెయ్. రెండు నిమిషాల పని" అన్నాను.

"చెప్తే అక్కడుండే అమ్మానాన్నలకు తెలుస్తుంది. వాళ్ళు ఇంటికి పోతానే పిల్లోళ్ళ ముందర చెప్పుకొని నవ్వుకుంటారు. అంతటితో అయిపోయె. రేపు సాయంత్రం ఆ బిడ్డ మళ్ళా గేటు పట్టుకుంటాది."

"కాంట్రాక్టు పోతే?"

"పోతే ఆ మెట్టు మీద కూర్చొనేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే పోకూడదు. కానీ దాన్ని చెప్పి మాత్రం నిలబెట్టుకోను." ఆమె మొండిదని పెళ్ళయిన రోజుల నుంచీ నాకు తెలుసు. ఆ మొండితనం ఎంత లోతో ఆ రోజు తెలిసింది.

మీటింగులో బడి కార్యదర్శి, ప్రిన్సిపాల్, కొందరు తల్లిదండ్రులు, కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒక యువకుడు ఉన్నారు. కార్యదర్శి పెద్దాయన, మర్యాదస్తుడు. ఎదుటివాళ్ళని బట్టి కన్నడం, తెలుగు, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడు. నన్ను కాసేపు చూసి, మా ఆవిడని అడిగాడు.

"ఏమ్మా, మీ యజమానులు, అంటే మీవారు, ఆరింటికే వస్తారంట. లోపలికి రాకుండా ఏడుదాకా అక్కడేం చేస్తారు?"

"ఎళనీరు తాగుతారు సార్."

"గంటసేపా?"

"నిదానం మనిషి సార్."

ఎవరో దగ్గి నవ్వు మింగారు. కార్యదర్శి నా వైపు తిరిగాడు. నేను లేచి నిలబడ్డాను. నిజం నోటిదాకా వచ్చింది. మా ఆవిడ నన్ను చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలవైపు చూస్తోంది. "తప్పు నాదే సార్. నేను నిదానం మనిషినే" అని కూర్చున్నాను. అప్పుడు మా ఆవిడ తలెత్తింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను అంత గౌరవంగా ఇంకెప్పుడూ చూడలేదు.

తర్వాత కంపెనీ యువకుడు తెర మీద బొమ్మలు చూపించాడు. బాగానే ఉన్నాయి. సగంలో తలుపు తోసుకుని లిఖిత తల్లి వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. ఆయన చెప్పింది కాసేపు విని చెయ్యెత్తింది.

"నేను ఆపరేషన్ థియేటర్‌లో ఉంటాను. ఫోన్ బయట పెట్టేస్తాం. నేను రాకపోతే మీరేం చేస్తారప్పా?"

"యాప్‌లో అలర్ట్ వస్తుంది మేడమ్."

"ఎవరికి?"

"మీకే మేడమ్."

ఈసారి నవ్వు ఎవరూ మింగలేదు. పాపం, ఆ యువకుడు కూడా నవ్వాడు.

ఆమె కార్యదర్శి వైపు తిరిగింది. "ఈ సార్ ఫోటో మీద రచ్చ చేస్తాండారని విని వచ్చినాను. నేను చెప్పేది ఒకటే. ముందర వేరే చోట పెట్టినప్పుడు మా పాప మాటే మానేసినాది. ఇక్కడ నేను రోజూ ఉరుకుతా వస్తాను, ఏడుస్తుంటాదేమో అని. వచ్చి చూస్తే ఆంటీకి ధైర్యం చెప్తా ఉంటాది. 'అమ్మా, నువ్వే మేలు, ఆంటీ వాళ్ళాయన నీకంటే లేటు' అంటాది. ఈ సార్‌ను తిట్టొద్దండి. ఆయన లేటు కాబట్టే మా పాప నిమ్మళంగా ఉండాది."

ఆమెకి నిజం తెలియదు. తెలియకుండానే అంతా చెప్పేసింది. ప్రిన్సిపాల్ రాస్తున్న కలం ఆగిపోయింది. ఆమె నన్ను చూసింది, మా ఆవిడని చూసింది. మా ఆవిడ తల చిన్నగా అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. ప్రిన్సిపాల్ మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు. ఆమెకి నా నమస్కారం.

కాంట్రాక్టు నిలిచింది. ఒక్క షరతు పెట్టారు: సూపర్‌వైజర్ గారి భర్త ఇకమీదట గేటు బయట నిలబడరాదు; వచ్చిన వెంటనే రిజిస్టర్‌లో సంతకం చేసి లోపల కూర్చోవాలి. కార్యదర్శి ఆ కాగితం మీద సంతకం పెడుతూ, "కొంచెం చురుగ్గా ఉండండి సార్" అని నాకు విడిగా సలహా ఇచ్చాడు.

కాగితం చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ ఆలోచిస్తూనే ఉంది. నేను లోపలే కూర్చుంటే ఆమె ఎవరి కోసం ఎదురుచూడాలి? చెప్పులు విప్పుతూ తేల్చేసింది. "స్కూటర్ ఇంట్లో పెట్టేయండి. రేపట్నుంచి మనం బస్సులో."

గేటు ఎదురుగానే బస్టాపు. ఆ తర్వాతి నాలుగేళ్ళూ మేమిద్దరం, మధ్యలో ఆఖరి బిడ్డ, మెట్టు మీద కూర్చుని బస్సులు చూశాం. మా బస్సు వచ్చేది. మా ఆవిడ మెడ చాపి చూసి, "ఇది మనది కాదు" అనేది. నేను, "కాదు, కాదు" అనేవాణ్ణి. బస్సు పోయేది. ఇంకోటి వచ్చేది. అదీ మాది కాదు. ఆఖరి బిడ్డ వెళ్ళిపోయాక వచ్చిన మొదటి బస్సు మాది. వానాకాలంలో ఒకే గొడుగు కింద ముగ్గురం కూర్చుని అలా ఐదారు బస్సులు వదిలేసిన రోజులున్నాయి. ఆఖరి సంవత్సరం ఆమెకి నడుము నిలిచేది కాదు. అయినా బస్సుని వదిలేసేటప్పుడు ఆమె ముఖంలో ఆయాసం కనపడేది కాదు. ఆ నాలుగేళ్ళలో మూడు సార్లు కాంట్రాక్టు తిరగరాశారు. ఇంకెవరూ అడ్డు చెప్పలేదు.

ఈ మార్చిలో ఆమె లేవలేని స్థితిలో ఉంది. కాగితం మీద ఆయమ్మ సంతకం చేసింది. ఆ కాగితం తెచ్చి మంచం పక్కన చూపిస్తే మా ఆవిడ ఆ సంతకాన్ని వేలితో తడిమి, "అచ్చరాలు గుండ్రంగా ఉండాయి" అంది. అంతకన్నా పెద్ద మాట ఆమె మెచ్చుకోలుగా ఎవరినీ అనగా నేను వినలేదు.

కర్మకాండలు అయిన మర్నాడు ఆమె సంచీ, గిన్నెలు తెచ్చుకుందామని సాయంత్రం బడికి పోయాను. లిఖిత ఇప్పుడు ఏడో తరగతి. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"అంకుల్, మీరు కాదని పంపేసిన బస్సు మీదే. నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"థర్డ్ స్టాండర్డ్‌లో. ఒకరోజు అమ్మ స్కూటీ మీద వెనక్కి తిరిగి చూశా. కాదన్న నంబరే మళ్ళీ వచ్చింది. మీరిద్దరూ ఎక్కేశారు."

"మరి ఆంటీకి చెప్పలేదే?"

"చెప్తే నెక్స్ట్ డే ఫస్ట్ బస్సే ఎక్కేస్తారేమో అని." బ్యాగు భుజానికి సర్దుకుని, "తర్వాత ఇంక చెప్పాలనిపించలేదు" అంది.

ఇంతలో గేటు దగ్గర హారన్ వినపడింది. లిఖిత తల్లి. ఆ రోజు తొందరగా వచ్చింది. మెట్టు మీద యూకేజీ పిల్ల ఒకతె నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. ఇంకెవరూ లేరు. లిఖిత, తన తల్లి వైపు చూసి, కనపడీ కనపడనట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. వెళ్ళి ఆ చిన్నపిల్ల పక్కన కూర్చుంది.

గేటు అవతల లిఖిత తల్లి స్కూటీ ఇంజన్ ఆపింది. బండిని మెల్లగా గోడ చాటుకి తోసుకుంది. హెల్మెట్ తీసి సీటు మీద పెట్టి, మా వైపు వీపు తిప్పి నిలబడింది.