పసుపు కావలసిన కోసా చీర

మా అక్కకు చర్చి పాటల బృందంలో చోటు దొరికింది గొంతు వల్ల కాదు, పట్టుదల వల్ల. ఆ ఆదివారం కోతకాల పండుగ. బృందమంతా పసుపు పట్టుచీరల్లో నిలబడాలని పాస్టరమ్మగారి ఆజ్ఞ. పసుపు చీర లేనివాళ్లు కింద కూర్చుని వినవచ్చు. అక్క దగ్గరున్న పట్టు ఒక్కటే, రంగు వేయని కోసా చీర, ఇక్కడి అడవిపట్టు. దాన్ని తెచ్చి నా ముందు పడేసింది.

"బీఎస్సీ కెమిస్ట్రీ చదివావు కదరా, ఇంటికి ఎప్పుడైనా పనికొచ్చావా?"

దానిమ్మ తొక్కలతో పసుపు రంగు వేద్దామనుకున్నాను. కానీ ఆ రంగు పట్టుమీద ఊరికే నిలవదు. మొదటి ఉతుకులోనే సెలవు తీసుకుంటుంది. ముందు పటిక నీళ్లలో నానబెడితే, ఆ పటిక పోగుకూ రంగుకూ పెళ్లి కుదుర్చుతుంది. కుంకుడు రసంతో చీర గంజి వదిలించి, ప్లాస్టిక్ బకెట్లో గోరువెచ్చని పటిక నీళ్లు పోసి, సాయంత్రం దాకా నానబెట్టాను. తొక్కలు ఉడికించి వడగడితే బంగారంలాంటి రసం వచ్చింది. ఇక చీర మునిగేంత స్టీలు గిన్నె కావాలి, అది పొరుగింట్లోనే ఉంది.

"పొరుగింట్లో అడుక్కోవడమేంట్రా? అప్నా డ్రమ్ము హై నా!" అన్నారు నాన్న.

నాన్న వ్యాగన్ల వర్క్‌షాపులో వెల్డరు. మా ఇంట్లో మంచం, నిచ్చెన, క్రిస్మస్ నక్షత్రం, అన్నీ ఆయన చేతి ఇనుమే. స్నానాల నీళ్లు కాచే ఆ డ్రమ్ము ఆయన పెద్దకొడుకు, నేను రెండోవాణ్ణి.

"ఇనుము తగిలితే ఈ రంగు నల్లబడుతుంది నాన్నా."

"ఇన్నేళ్లు ఇనుము పట్టుకున్నా, నేను నల్లబడ్డానా? చల్, పోసెయ్!"

నాన్న రంగు గురించి మాట్లాడే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. పోశాను.

చీర బయటికి తీస్తే వానకు ముందు ఆకాశంలా ఉంది. అక్క దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూసింది.

"ఇది పసుపా?"

"చీకట్లో పసుపే," అన్నాను.

"రంగు మాత్రం పక్కాగా పట్టింది," అన్నారు నాన్న. అదీ నిజమే. ఎంత ఉతికినా వదల్లేదు.

ఆదివారం అక్క ఆ చీరే కట్టుకుని, సరిగ్గా పాట మొదలయ్యే క్షణంలో వరుసలో దూరింది. పాట మధ్యలో పాస్టరమ్మగారు ఆమెను దింపలేకపోయారు. పాటయ్యాక, భిలాయి నుంచి వచ్చిన ముఖ్య అతిథి అంత పసుపులో ఒక్క బూడిద చీరను చూసి, నాయకురాలు ఈమే అనుకుని పూలగుత్తి అక్క చేతిలో పెట్టారు. అక్క వద్దనలేదు. పక్కనే పాస్టరమ్మగారు పళ్లు మాత్రమే కనిపించేలా నవ్వారు.

మర్నాడు ఆవిడ మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. అక్క చోటు పోయిందనే అనుకున్నాం. ఆవిడ సంచిలోంచి తన తెల్ల కోసా చీర తీశారు.

"వచ్చే పండక్కి అందరం ఆ బూడిద రంగే కడతాం బాబూ. మీ అక్క ఒక్కతే వేరేగా కనబడ్డానికి వీల్లేదు."

లోపలినుంచి నాన్న గొంతు వినబడింది.

"డ్రమ్ము ఖాళీగానే ఉందండీ!"