అత్తగారు బొట్టు పెట్టిన డచ్చి బొమ్మ

మా అత్తగారు సీతామహాలక్ష్మి బయట ఎవరికీ జంకే మనిషి కాదు. మావగారి మాటకి మాత్రం ఎన్నడూ ఎదురాడలేదు, ఒక్క రోజు తప్ప. ఆ రోజు తలుచుకుంటే ఆవిడ కోడలినని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

1988లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డచ్చి బొమ్మల పుస్తకం ఒకటి కొన్నాను. రాగిరేకు మీద గీతలు గీసి అచ్చు తీసిన బొమ్మలు. ఒకదానికి ఫ్రేము కట్టించి జూబ్లీ హిల్స్‌లోని మా ఇంటి హాల్లో తగిలించాను. మర్నాడు చూద్దును కదా, అందులోని గడ్డం పెద్దాయన నుదుట కుంకుమ బొట్టు!

"ఆయన ఋషి కాదత్తయ్యా, ఇది బైబిలు కథ," అన్నాను నవ్వు ఆపుకోలేక. ఆస్తంతా తగలేసి చింకిపాతలతో తిరిగొచ్చిన కొడుకునీ, అతన్ని పొదువుకున్న తండ్రినీ చూపించాను.

చెప్పాక నాలిక కరుచుకున్నాను. మా మరిది పట్టాభి సినిమా తీస్తానని ఫిల్మ్ నగర్ చుట్టూ తిరిగి, తెనాలి పొలాలు హారతి కర్పూరం అయిపోయాక, రహమత్ నగర్‌లో ఒక గదిలో తలదాచుకున్నాడు. అతని పేరు ఇంట్లో ఎత్తకూడదని మావగారు కాశీవిశ్వనాథంగారి శాసనం. తనే వచ్చి కాళ్ళమీద పడాలట.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

"నౌకర్లున్నారు, కిటికీలోంచి ఎవరో చూస్తున్నారు. ఇంతమంది ముందు ఈయన మెట్లు దిగొచ్చాడు చూశావా అమ్మాయ్? పరువు పోతుందనుకోలేదు."

బొట్టు తుడవబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ. తగినవాడికే పెట్టాను."

అప్పటికప్పుడు కారు తీయించారు. రహమత్ నగర్ సందు మొదట్లో డ్రైవర్ భిక్షం, "కారు గీడిదాకనే అమ్మా, లోపటికి పోదు," అంటే దిగి నడిచారు. వెనకే నేను. పట్టాభి మాసిన లుంగీతో గుమ్మంలోకి వచ్చాడు.

"నాన్నగారు రానివ్వరమ్మా."

"ముందు కారెక్కు."

మా ఇల్లు బండల మీద కట్టింది. గేటు నుంచి వరండాకి నిటారుగా మెట్లు. పైన మావగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కింటి నిర్మాతగారి నౌకర్లు గోడ మీంచి తొంగిచూస్తున్నారు. పట్టాభి మెట్టెక్కబోతే అత్తగారు భుజం పట్టి ఆపేశారు.

"ఏమండీ, వాడు ఇక్కడిదాకా వచ్చాడు. మిగతాది మీరు దిగండి," అన్నారు అందరికీ వినబడేలా.

మావగారు కదల్లేదు. ఆవిడా కదల్లేదు. చివరికి ఆయన రైలింగు పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఒక్కొక్క మెట్టే దిగారు. పట్టాభి వంగి కాళ్ళందుకోబోతే మధ్యలోనే రెక్క పట్టుకుని లేపారు.

"చిక్కిపోయావురా," అన్నారు.