‘సిగ్నిఫికెంట్లీ’ అంటే ఎన్ని గంటలు?

మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చిన ఏడాది, ఎండాకాలంలో, నన్ను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనంలో నాలుగో అంతస్తుకు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఏ రోజు ఎవరు ఎక్కడ తుడిచారో ఇప్పటికీ చెప్పగలను.

మా పనిలో ప్రతి బాత్‌రూమ్ తలుపు వెనక ఒక కాగితం వేలాడుతుంది. శుభ్రం చేసినామె గంటకోసారి అందులో గడి నింపి సంతకం పెట్టాలి. షిఫ్టు చివర సూపర్‌వైజర్ అన్నీ చూసి కింద సంతకం పెట్టాలి.

కొత్తగా వచ్చిన మేనేజరు గారికి ‘సిగ్నిఫికెంట్లీ’ లేనిదే నోట మాట రాదు. లిఫ్టు సిగ్నిఫికెంట్లీ స్లో. చాయ్ సిగ్నిఫికెంట్లీ చల్లన. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. మా అంతస్తు తుడిచే, నార్సింగి నుంచి వచ్చే యాదమ్మ అన్నం డబ్బా విప్పి, “అక్కా, ఇయ్యాల పప్పుల ఉప్పు సిగ్నిఫికెంట్లీ ఎక్కువైంది” అనేది.

ఒక శుక్రవారం ఆ మాటే మెయిల్‌లో వచ్చింది. యాదమ్మ పని సిగ్నిఫికెంట్లీ తగ్గిందట, సోమవారం నుంచి రావద్దట. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి బతుకుతెరువు తీసేయడానికి కొలత లేని ఒక్క మాట చాలా? నేరుగా ఆయన గదికి వెళ్లాను.

“ఎంత తగ్గింది సార్?”

“సిగ్నిఫికెంట్లీ అన్నాను కదమ్మా. అంటే చాలా అని.”

“చాలా అంటే ఎన్ని గంటలు?”

ఆయన బుధవారం కాగితం నా ముందుకు తోశారు. పదకొండు నుంచి మూడు దాకా గళ్లు ఖాళీ. “కింద సంతకం మీదే, చూసుకోండి.”

నాదే. బస్సు పోతుందని కాగితాలన్నిటి మీదా చూడకుండా గీకేసేదాన్ని. అయినా వెనక్కి తగ్గలేదు.

“బుధవారం పదకొండుకు క్లయింట్లు వస్తున్నారని, ఆరో అంతస్తు అద్దాలు తుడవడానికి యాదమ్మను పంపింది మీరే సార్. వాళ్ల కప్పులు కూడా ఆమెతోనే తీయించారు. పైన గార్డు రిజిస్టరు తెప్పించండి.”

తెప్పించారు. ఆమె పేరూ, వెళ్లిన టైమూ, దిగిన టైమూ అన్నీ ఉన్నాయి. “ఓకే అమ్మా, పరిస్థితి సిగ్నిఫికెంట్లీ వేరు” అన్నారు. మెయిల్ వెనక్కి తీసుకున్నారు. క్షమాపణ ఊసే లేదు.

సంగతంతా విని యాదమ్మ నవ్వలేదు. “సారుకు ఆ మాట అలవాటు. నీకు సంతకం అలవాటయిందా అక్కా?” అంది.

ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా, గడి ఎందుకు ఖాళీగా ఉందో పక్కన రాయించకుండా ఏ కాగితం మీదా నేను సంతకం పెట్టలేదు.